నెల్లూరు ఎండలో నిప్పు, నీరు, చిన్న రైలు

రైలింజన్‌ను ముప్పై రెండో వంతుకు కుదించవచ్చు. చక్రాలు, పొగగొట్టం, డ్రైవరు నిలబడే గది, రేకుల మీది రివెట్లు అన్నీ ఆ కొలతకే చేయవచ్చు. లోపల మరిగే నీటిని, దాన్ని మరిగించే మంటను కుదించడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఇంజన్ అరచేతిలో ఇమిడేదైనా, షెడ్డు నిండేదైనా, నీటికి తెలిసిన లెక్క ఒకటే. నిజమైన ఆవిరితో నడిచే చిన్న రైళ్లు పెట్టే కష్టాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. ఆ కష్టాలకు విరుగుడు మాత్రం ఊరిని బట్టి మారుతుంది. బ్రిటన్ వాళ్లు, జర్మన్లు తమ చలికి తగ్గట్టు రాసుకున్న పద్ధతులను నెల్లూరులో తు.చ. తప్పకుండా పాటిస్తే ఇంజన్ సరిగా నడవదు, కొన్నిసార్లు ప్రమాదం కూడా. ఈ అభిరుచి మన దగ్గర వేళ్లూనుకోవాలంటే ఇక్కడి ఎండకు, ఇక్కడి నీటికి, ఇక్కడి పనివాళ్ల చేతికి సరిపడే పద్ధతి మనమే తయారు చేసుకోవాలని గట్టిగా నమ్ముతున్నాను.

ముందు లెక్క చూడండి. పొడవు 32వ వంతయితే ఉపరితలం 1,024వ వంతు అవుతుంది, ఘనపరిమాణం 32,768వ వంతు అవుతుంది. వంద టన్నుల ఇంజన్ మూడు కిలోలకు దిగుతుంది. లోపలున్న నీటితో పోల్చితే వేడిని బయటికి వదిలే ఉపరితలం 32 రెట్లు ఎక్కువైందన్నమాట. బాయిలర్ గోడలు, ఆవిరి గొట్టాలు, సిలిండర్లు అన్నీ వేడిని వదులుతూనే ఉంటాయి. చల్లని సిలిండరులోకి వచ్చిన ఆవిరి పిస్టన్‌ను నెట్టే పని మాని నీరై కూర్చుంటుంది. నీరు నొక్కితే నలగదు కాబట్టి పిస్టన్ బిగుసుకుంటుంది. అందుకే మొదట ఇంజన్‌ను చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించి, పొగగొట్టం నుంచి ఆ నీటిని కక్కించాలి. పెద్ద ఇంజన్ డ్రైవరు సిలిండరు కాక్‌లు, అంటే నీటిని వదిలే చిన్న కుళాయిలు, తెరిచి చేసే పని కూడా ఇదే.

వేగం సంగతీ అంతే. వెయ్యి టన్నుల గూడ్సు బండికి తన బరువే పగ్గం. ఒకసారి ఊపందుకుంటే చిన్న వాలు, చిన్న ఎగువ దాన్ని కదిలించలేవు. ఐదారు కిలోల బండికి ఆ నిదానం ఉండదు. మీటరుకు ఒక సెంటీమీటరు ఎగువ వస్తే ఆగిపోతుంది, అంతే వాలు వస్తే పరుగెత్తి మలుపులో పడిపోతుంది. నీటిమట్టం చూపే గాజు గొట్టం కూడా మోసం చేస్తుంది. పెద్ద ఇంజన్లో ఆ గొట్టం వేలు మందాన ఉంటుంది. ఇక్కడ మూడు నాలుగు మిల్లీమీటర్లే. అంత సన్నని గొట్టంలో నీటి తలతన్యత వల్ల బుడగ ఇరుక్కుంటే, బాయిలర్ అడుగంటుతున్నా గొట్టం నిండుగా కనిపిస్తుంది. అందుకే ఒక్కసారి చూసి నమ్మకూడదు. నీటిమట్టం కదులుతూ, ఊగుతూ ఉంటేనే అది నిజం చెబుతున్నట్టు.

"మామయ్యా, ఇంత తంటా ఎందుకు? మోటారు పెట్టి, పొగ వచ్చే పరికరం పెట్టి, చప్పుడుకు ఒక స్పీకరు పెడితే సరిపోదా?" అని మా అక్క కొడుకు అడుగుతుంటాడు. ఇంజినీరింగ్ చదువుతున్నవాడు, అడగడంలో న్యాయముంది. మోటారు ఇంజన్ అందంగా నడుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ రెండు పెట్టెలు అదనంగా తగిలిస్తే దాని చప్పుడు మారదు, మార్చాలంటే ఎవరో ఒక మీట నొక్కాలి. ఆవిరి ఇంజన్‌కు పెట్టెలు తగిలిస్తే శ్వాస బరువెక్కుతుంది, పీడనం పడిపోతుంది, మంటకు ఆకలి పెరుగుతుంది. ఆ మార్పు ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే ఉష్ణగతిక శాస్త్రం మొత్తం చేతికి తగులుతుంది. నాలుగేళ్ల చదువులో పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం మేడ మీద అరగంటలో అర్థమైందని ఆ పిల్లవాడే ఒప్పుకున్నాడు. నాకు ఇంతకన్నా పెద్ద సమర్థన అక్కర్లేదు.

ఎంత చిన్నదాకా పోవచ్చన్న ప్రశ్నకు కూడా సమాధానం దొరికింది. 2003లో బ్రిటన్‌లోని హార్న్‌బీ అనే బొమ్మరైళ్ల సంస్థ 16.5 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీద నిజమైన ఆవిరితో నడిచే మల్లార్డ్ ఇంజన్ తెచ్చింది. అంత చిన్నదానిలో మంటకు చోటు లేదు. అందుకని టెండరులో, అంటే ఇంజన్ వెనక నీరు, ఇంధనం మోసే బండిలో, విద్యుత్ హీటరు పెట్టి పట్టాల గుండా కరెంటు పంపారు. అద్భుతమైన పనితనం, కాదనను. కానీ మంట లేని ఆవిరి ఇంజన్ నాకు సగం ఇంజనే. మంట, నీరు, ఆవిరి మూడూ చేతికి అందేలా ఉండాలంటే 32 మిల్లీమీటర్ల పట్టాలు, ఇంకా మెరుగ్గా 45 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి. ఇంతకన్నా కిందికి దిగవద్దనే ఎవరికైనా చెబుతాను.

ఇక మన ఎండ. అసలు వాదన ఇక్కడే ఉంది.

ఈ ఇంజన్లలో ఎక్కువ భాగం బ్యూటేన్ గ్యాసుతో నడుస్తాయి. టెండరులోనో, డ్రైవరు గదిలోనో చిన్న గ్యాసు ట్యాంకు ఉంటుంది. ద్రవంగా ఉన్న బ్యూటేన్ ఆవిరై, వెంట్రుక మందాన ఉండే రంధ్రం గుండా బర్నరులోకి పోతుంది. బ్యూటేన్ మరిగేది సున్నా డిగ్రీలకు కాస్త దిగువన. అందుకే చలిదేశాల పుస్తకాలన్నీ ట్యాంకును ఎలా వెచ్చగా ఉంచాలో చెబుతాయి: చుట్టూ గోరువెచ్చని నీళ్లు పోయండి, బాయిలరుకు దగ్గరగా అమర్చండి, ప్రొపేన్ కలిసిన గ్యాసు వాడండి అని. నెల్లూరులో ఈ మూడూ తప్పే. 20 డిగ్రీల దగ్గర బ్యూటేన్ పీడనం రెండు బార్లు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) ఉంటే, 50 డిగ్రీల దగ్గర ఐదు బార్లకు చేరుతుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. మే నెలలో మేడ మీద ఎండలో పెట్టిన లోహపు ట్యాంకు 50 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు గ్యాసు దూకుడుగా వస్తుంది, మంట బర్నరును వదిలి లేస్తుంది, హోరు పెడుతుంది, ఒక్కోసారి పొగగొట్టం కింద ఉండే పొగపెట్టెలోకి పోయి అక్కడ మండుతుంది. పైకి పెద్ద మంటలా కనిపించినా నీటికి చేరే వేడి తక్కువ.

కాబట్టి ఇక్కడ ట్యాంకును చల్లగా ఉంచాలి. బాయిలరుకు దూరంగా టెండరులో పెట్టాలి. చుట్టూ చల్లని నీటి తొట్టి ఉండాలి. ప్రొపేన్ కలవని బ్యూటేన్ దొరికితే అదే మేలు. గ్యాసు నింపడంలో కూడా మన ఊరికి వేరే పద్ధతి కావాలి. డబ్బా, ట్యాంకు ఒకే వేడిలో ఉంటే రెండింటి పీడనం సమానమై గ్యాసు దిగదు, ట్యాంకు సగంలోనే ఆగుతుంది. ట్యాంకు మీద ఐసు నీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి నింపితే సాఫీగా దిగుతుంది. అంచుదాకా నింపకూడదు, ఎండకు ద్రవం వ్యాకోచించే చోటు వదలాలి. నింపే చోట మంట, సిగరెట్టు, వేడి ఇంజన్ ఏవీ ఉండకూడదు. ఇంటి వంటగ్యాసు సిలిండరు నుంచి నింపుకోవచ్చా అని కొందరు అడుగుతారు. దాని జోలికి అసలు పోకండి. అందులో ప్రొపేన్ కూడా ఉంటుంది, 40 డిగ్రీల దగ్గర ఒంటి ప్రొపేన్ పీడనం 13 బార్లు దాటుతుంది. అంత పీడనం కోసం ఈ ట్యాంకులు తయారు కాలేదు.

గ్యాసు తూకం కూడా మనసులో ఉండాలి. 200 మిల్లీలీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 510 కిలోజౌళ్లు కావాలి. 30 గ్రాముల బ్యూటేన్‌లో దాదాపు 1,370 కిలోజౌళ్లున్నాయి. అంటే మంట ఇచ్చే వేడిలో మూడో వంతే నీటికి చేరినా గ్యాసు, నీరు దాదాపు ఒకేసారి అయిపోవాలి. మంచి ఇంజన్లలో నీటికన్నా గ్యాసు కాస్త ముందే అయిపోయేలా ట్యాంకు కొలత పెడతారు. బాయిలర్ ఎండిపోకుండా కాపాడే మొదటి ఏర్పాటు ఇదే. దాన్ని చెడగొట్టి పెద్ద ట్యాంకు బిగించుకునే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఎండాకాలంలో ఇంకో లోటు ఉంది. ఆవిరి కనబడదు. పొగగొట్టం నుంచి తెల్లగా లేచేది ఆవిరి కాదు, చల్లబడి తుంపరగా మారిన నీరు. చుట్టూ గాలి వేడిగా ఉంటే ఆ తుంపర కంటపడకముందే ఆరిపోతుంది. అందుకే నెల్లూరు వాడికి రైళ్ల కాలం ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపినిచ్చాక మొదలై సంక్రాంతి దాటి శివరాత్రి వరకు ఉంటుంది. ధనుర్మాసం తెల్లవారుజామున, పెన్న వైపు నుంచి మంచు పట్టి ఉన్నప్పుడు, నాలుగు పెట్టెల చిన్న బండి కూడా తన పొడవంతా తెల్లని జూలు వదులుతుంది. ఐరోపా వాళ్లు వేసవి కోసం ఎదురుచూస్తారు, మనం చలికాలం కోసం చూడాలి.

నీటి విషయంలో మన జిల్లాలకు పరీక్ష మరీ కఠినం. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. కనిగిరి ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలనే వంచింది. ఆ బాధ ముందు నా బాయిలర్ బాధ ఏపాటిది? కానీ బాయిలరులో పెచ్చు కట్టేది నీటిలోని సున్నం, మెగ్నీషియం లవణాలు. పెద్ద బాయిలరులో మనిషి దూరి పెచ్చు కొట్టగలడు. ఇక్కడ నీళ్లు పోసే రంధ్రమే పెన్సిల్ మందాన ఉంటుంది, లోపలికి ఏ పనిముట్టూ పోదు. పెచ్చు పట్టిన రాగి వేడిని నీటికి ఇవ్వలేదు, పీడనం ఎక్కదు, అప్పుడు ఇంజన్‌ను తిట్టుకుంటాం. వీధి చివర అమ్మే ఇరవై లీటర్ల డబ్బా నీళ్లు బోరు నీళ్లకన్నా మేలు. బ్యాటరీలకు పోసే లవణాలు తీసేసిన నీరు పెచ్చు కట్టదు గానీ, ఇత్తడి అమరికల్లోని జింకును మెల్లగా లాగేస్తుందని అనుభవజ్ఞులు హెచ్చరిస్తారు. నా ఓటు వాన నీటికే. మనకు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. మొదటి జల్లులకు మేడ కడుక్కుపోయాక పట్టి, గుడ్డలో వడగట్టి, మూత బిగించి ఉంచితే ఏడాది అవసరం తీరుతుంది. ఇప్పటికే పెచ్చు కట్టి ఉంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీటిలో కలిపి పోసి, కొన్ని గంటలు ఉంచి, పలుమార్లు కడగాలి.

నూనె గురించి క్లుప్తంగా చెబుతాను. మామూలు ఇంజన్ ఆయిల్ ఆవిరి వేడికి పలుచనై కొట్టుకుపోతుంది. చిక్కదనంలో 460 గ్రేడు ఉన్న ఆవిరి సిలిండరు నూనె కావాలి. చిన్న కుప్పెలో నూనె పోస్తాం, అందులోకి కొద్దిగా ఆవిరి వచ్చి నీరుగా మారి అడుగుకు దిగుతుంది, తేలిన నూనె ఆవిరి గొట్టంలోకి పొర్లి సిలిండరుకు పోతుంది. ఒక్క కదిలే భాగం లేని ఈ ఏర్పాటును ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అదే గ్రేడు గేరు నూనెలు మన దుకాణాల్లో దొరుకుతాయి. వాటిలో గంధకం కలిసిన రకాలు మాత్రం వద్దు, కంచు భాగాలను తినేస్తాయి.

ఇంజన్ దిగుమతి చేసుకోవడమే మార్గమని, మన దగ్గర తయారు కాదని చాలామంది అనుకుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. బాయిలర్ అంటే రాగి గొట్టం, రాగి పలకలు, వెండి టంకం. ఈ మూడింటినీ నెల్లూరు నగల పనివాళ్లకన్నా బాగా ఎరిగినవాళ్లు ఎవరు? వెలిగారం పూసి, లోహం రంగు చూసి వేడి అంచనా కట్టి, టంకం సందుల్లోకి పారించడం వాళ్లకు నిత్యకృత్యం. సీసం టంకం 190 డిగ్రీలలోపే కరుగుతుంది. మూడు బార్ల పీడనం దగ్గర ఆవిరి వేడి 143 డిగ్రీలు. నీళ్లున్నంతసేపే ఆ టంకం నిలుస్తుంది, ఎండితే క్షణాల్లో కరిగి ఊడుతుంది. వెండి టంకం 600 డిగ్రీలు దాటితే గాని కరగదు. తేడా అంతా ఇక్కడుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. చవక వెండి టంకాల్లో కాడ్మియం ఉంటుంది. కేడీఎం బంగారం అన్న మాట మనందరం విన్నదే. ఆ కాడ్మియం పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకు చేటని ఆ పద్ధతిని వదిలేశారు. నగల పనిలో వదిలేసిన విషాన్ని మన సరదా కోసం, నాకు బాయిలర్ చేసిపెట్టే నగల పనివారు ఆచారి గారి ముక్కు కింద మళ్లీ పెట్టే హక్కు మనకు లేదు. కాడ్మియం లేని టంకమే కొనాలి, ఖరీదైనా సరే.

నగల పనికీ బాయిలర్ పనికీ ఒక తేడా ఉంది, అది మొదట్లో ఆచారి గారికి విసుగు తెప్పించింది. ఉంగరం చిన్నది, ఊదుగొట్టం మంటతో వేడెక్కుతుంది. అర కిలో రాగి అలా వేడెక్కదు. ఒక చోట వేడి పెడితే మిగతా రాగి అంతా దాన్ని పీల్చేస్తుంది. చుట్టూ అగ్గి ఇటుకలు పేర్చి, పెద్ద బర్నరుతో మొత్తం ఒకేసారి ఎర్రబారేలా చేయాలి. ఆ ఏర్పాటు కుదిరాక ఆయన పారించిన టంకం అంచు చూసి నేను మాట్లాడలేకపోయాను. పిస్టన్లు, చక్రాలు చెక్కేది రొయ్యల చెరువుల ఏరేటర్ల షాఫ్టులు బాగుచేసే లేత్ దుకాణంలోనే. మిల్లీమీటరులో వందో వంతు తేడాతో పని అడిగితే ఆ దుకాణం నడిపే భాయ్ మొదట నా వంక వింతగా చూశాడు. తర్వాత పట్టుదలగా సాధించాడు. ఆ ఖచ్చితత్వం ఎందుకంటే, సందులు కూడా కుదించలేనివే. పెద్ద పిస్టన్ పక్కనుంచి కారే ఆవిరి లెక్కలోకి రాదు. 12 మిల్లీమీటర్ల పిస్టన్ పక్కన అదే సందు ఉంటే ఆవిరంతా పని చేయకుండానే పారిపోతుంది.

చిన్న ఇంజన్ చేత నిజమైన పని చేయించలేమన్న మాట కొత్తది కాదు. 1920ల్లో ఇంగ్లండులో దీని మీద పెద్ద వాదమే నడిచింది. ఎల్.బి.ఎస్.సి. అన్న కలం పేరుతో రాసిన లారెన్స్, చిన్న ఇంజన్లకు కూడా పెద్దవాటి తరహా బాయిలరు పెట్టి బొగ్గుతోనే నడపవచ్చన్నాడు. స్పిరిటు దీపాలతో నడిచే ఇంజన్లే మేలన్న పేరున్న తయారీదారులు ఒప్పుకోలేదు. రెండున్నర అంగుళాల పట్టాల మీద తన ఇంజన్ 'ఆయేషా' చేత మనిషిని లాగించి ఆయన నోళ్లు మూయించాడు. రుజువు పట్టాల మీద ఉంటుందన్న ఆ పద్ధతి నాకు ఇష్టం.

భద్రత గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో మనకు 2025లో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్లకన్నా తక్కువ పట్టే బాయిలర్లు దాని కిందికి రావు. మనవి పావు లీటరు కూడా పట్టవు. అంటే ఏ ఇన్‌స్పెక్టరూ వచ్చి చూడడు, బాధ్యతంతా మనదే. బ్రిటన్ అభిరుచి సంఘాలు పీడనాన్ని ఘనపరిమాణంతో హెచ్చించి, మూడు బార్-లీటర్లలోపు ఉన్నవాటిని చిన్న బాయిలర్లుగా లెక్కించి, వాటికి వేరే పరీక్షా నియమాలు పెట్టుకున్నాయి. మనం వాటికన్నా కఠినంగా ఉండాలి. కొత్త బాయిలరును గాలి బుడగ లేకుండా నీటితో నింపి, చేతి పంపుతో, నడిపే పీడనానికి రెట్టింపు దాకా ఎక్కించి చూడాలి. నీటితో పరీక్షిస్తే టంకం విడిపోయినా ఒక చుక్క చిమ్మి ఆగుతుంది. గాలితో పరీక్షిస్తే ముక్కలు ఎగురుతాయి. గుండ్రటి గొట్టం బలమైనదే, చివర్లలోని చదును పలకలే ఉబ్బుతాయి. అందుకే వాటి మధ్య ఊత కడ్డీలు తప్పనిసరి. మంట వెలిగించే ప్రతిసారీ సేఫ్టీ వాల్వును వేలితో ఎత్తి చూడాలి. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ చూసుకున్న ఒక పెద్దాయన మా మేడ మీదికి వచ్చినప్పుడు అందరూ చక్రాలు చూస్తుంటే ఆయన మాత్రం నేరుగా గాజు గొట్టం దగ్గర వంగాడు. పిల్లలకు మొదట నేర్పాల్సింది ఆ చూపే.

పట్టాలకు పొరుగునున్న ప్రకాశం జిల్లా ఇచ్చే వరం చీమకుర్తి రాయి. ప్రపంచమంతా గెలాక్సీ గ్రానైట్ అని కొనే ఆ నల్లరాయి పలకలను కోసే చోట అంచు ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. చెక్క మన తేమకు వంగుతుంది, చెదలు పడుతుంది. రాయి వంగదు. మేడకు వాన నీరు పోవడానికి వాలు ఉంటుంది కాబట్టి మేస్త్రీ చేత రసమట్టం పెట్టించి, రాతి పట్టీల కింద దిమ్మెలు కట్టించాలి. అసలు శ్రమ అక్కడే. ఇత్తడి పట్టాలు పది మీటర్ల పొడవుంటే, ముప్పై డిగ్రీల వేడి పెరిగినప్పుడు దాదాపు ఆరు మిల్లీమీటర్లు సాగుతాయి. అతుకుల దగ్గర ఆ సందు వదలకపోతే మధ్యాహ్నానికి పాములా మెలికలు తిరుగుతాయి.

చివరగా, ఏ ఇంజన్ చేయాలి? కావలి దగ్గరి బిట్రగుంట రైలింజన్ల షెడ్డు పేరు వింటే మా తరం వాళ్లకు డబ్ల్యూపీ, డబ్ల్యూజీ తరగతుల బ్రాడ్ గేజి ఆవిరి ఇంజన్లే గుర్తొస్తాయి. కానీ మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. 32వ వంతుకు 52.4 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ వెడల్పు పట్టాలు సిద్ధంగా దొరకవు. 45 మిల్లీమీటర్ల మీద పెడితే ఇంజన్ కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. మీటర్ గేజి అలా కాదు. 22.5వ వంతుకు 44.4 మిల్లీమీటర్లు, ప్రపంచమంతా దొరికే 45 పట్టాల మీద చక్కగా కూర్చుంటుంది. కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటిన గుంటూరు–గుంతకల్లు మార్గం 1990ల్లో బ్రాడ్ గేజిగా మారేదాకా మీటర్ గేజే. కొండ రైళ్లను మినహాయిస్తే, భారతీయ రైల్వేలు 1972లో తయారు చేయించిన ఆఖరి ఆవిరి ఇంజన్లు కూడా మీటర్ గేజివే. మీటర్ గేజి మీద ప్రయాణికుల బండ్లు లాగిన వైపీ తరగతి ఇంజన్ నాలుగున్నర అడుగుల చక్రం ఈ కొలతకు 61 మిల్లీమీటర్లు అవుతుంది, మన లేత్ దుకాణం పట్టు దాటదు.

అంత పొడవు ఇంజన్ తిరగడానికి మూడు మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు కావాలి, మేడ చాలదు. కావలి దగ్గర మా తాతగారి ఊళ్లో, కోత యంత్రాలు వచ్చాక వాడకం పోయిన కళ్లం ఒకటి ఖాళీగా ఉంది. అక్కడ రాతి పట్టీలు పరచడానికి మా పెదనాన్న ఒప్పుకున్నారు. గిద్దలూరు, కంభం వైపు ఆ ఇంజన్ల మీద పనిచేసి విశ్రాంత జీవితంలో ఉన్న డ్రైవర్లను, ఫైర్‌మన్లను వెతుకుతున్నాను. డ్రాయింగుల్లో లేని సంగతులు, అంటే ఏ మీట ఎంత దూరంలో ఉండేది, నల్లమల ఎగువలో మంట ఎలా పేర్చేవారు లాంటివి వాళ్ల నోటే వినాలి. బాయిలరుకు రాగి గొట్టం తెప్పించి ఉంచాను. పెళ్లిళ్ల కాలం పని తీరాక తీసుకురమ్మని ఆచారి గారు చెప్పారు.